హైస్కూలు తొలి తరగతుల పిల్లల చేత బృందగానం పాడించడం ఎలా?

పాట బోర్డు మీద రాసి, రెండుసార్లు వినిపించి, "అందరూ గట్టిగా పాడండి" అంటే బృందగానం రాదు. గట్టిగా పాడేవాడికి తన గొంతు తప్ప పక్కవాడి గొంతు వినపడదు. నలభై మంది అలా పాడితే నలభై ఒంటరి పాటలు వినిపిస్తాయి. అందుకే 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు నేర్పేటప్పుడు నేను నమ్మే వరుస ఒక్కటే: ముందు ఒంట్లోకి లయ, తర్వాత చెవిలోకి శ్రుతి, ఆ తర్వాతే గొంతులోకి పాట.

ఈ వయసు పిల్లలకు సిగ్గు ఎక్కువ. పక్కన ఎవరు నవ్వుతారో అని చూస్తూ ఉంటారు. చేతులకు పని చెబితే ఆ సిగ్గు సగం పోతుంది. లయతో మొదలుపెట్టమనడానికి ఇదీ ఒక కారణం.

పాట ఎంపిక

పాట ఎంత గొప్పదన్నది పక్కన పెట్టి, అది ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వెళ్తుందో ముందు చూడండి. కింది స్వరం, పై స్వరం రెండూ కాగితం మీద రాసుకోండి. మొదటి పాట ఐదారు స్వరాల్లో తిరిగేదైతే మంచిది. సా నుంచి ధా దాకా వెళ్లే పాటలో సాను 1 శ్రుతి (సి) నుంచి 2 శ్రుతి (డి) మధ్యలో పెట్టుకుంటే, గొంతు ఇంకా మారని ఆడపిల్లలూ మగపిల్లలూ హాయిగా పాడతారు. కీబోర్డు మీద చూస్తే మిడిల్ సి (కీబోర్డు మధ్యలో ఉండే సి మీట), డిల దగ్గర మొదలై ఆ పై ఎ, బి దగ్గర ఆగుతుందన్నమాట.

రికార్డింగులో ఏ శ్రుతిలో ఉందో అదే శ్రుతిలో పిల్లల చేత పాడించకండి. అది ఆ గాయకుడి గొంతుకు కుదిరిన శ్రుతి. పిల్లలకు అది మరీ కిందికో మరీ పైకో పడుతుంది. కిందికి పడితే గొణుగుతారు, పైకి పడితే అరుస్తారు. టీచరేమో శ్రద్ధ లేదని వాళ్లను కోప్పడతారు.

గమకాలు (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పాడటం) దట్టంగా ఉన్న పాటలు, ఊపిరి తిప్పుకోనివ్వని పొడవు పంక్తులున్న పాటలు మొదటి టర్ములో వద్దు. సోలోలో అందంగా ఉండే గమకం ఇరవై గొంతుల్లో ఇరవై రకాలుగా వణికి, స్వరం ఏదో తెలియకుండా పోతుంది. సూటి స్వరాలున్న పాటలే బృందానికి ముందు నప్పుతాయి.

గొంతు మారుతున్న పిల్లలు

మగపిల్లల్లో ఎక్కువమందికి 12 నుంచి 14 ఏళ్ల మధ్య స్వరపేటిక పెద్దదవుతుంది, స్వరతంత్రులు పొడుగవుతాయి, మందమవుతాయి. మార్పు పూర్తయ్యేసరికి గొంతు దాదాపు ఒక స్థాయి (సా నుంచి పై సా దాకా ఉన్నంత దూరం) కిందికి దిగుతుంది. ఇది ఒక్కరోజులో జరగదు, నెలల తరబడి సాగుతుంది. ఆ మధ్యకాలంలో పై స్వరాలు పోతాయి, కింది స్వరాలు ఇంకా కుదురుకోవు. నిన్న అందిన స్వరం ఈరోజు అందదు. పాడుతుండగా గొంతు చీలుతుంది. ఆడపిల్లల గొంతూ మారుతుంది కానీ అంత కిందికి దిగదు. కొన్నాళ్లు గాలి కలిసినట్టు, బొంగురుగా వినిపిస్తుంది.

ఈ సంగతి మొదటి వారంలోనే క్లాసులో అందరి ముందూ చెప్పేయండి. ఎత్తు పెరిగినట్టే గొంతూ పెరుగుతోందని, అందుకే చీలుతోందని తెలిస్తే నవ్వులు తగ్గుతాయి. ఎవరి గొంతు చీలినా ఎవరూ తిరిగి చూడకూడదన్న నియమం ఒకటి పెట్టండి. అది గట్టిగా అమలు చేయండి.

గొంతు మారుతున్న పిల్లవాడిని "నువ్వు ఊరికే పెదాలు కదుపు" అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటతో జీవితంలో మళ్లీ పాడని వాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాడికి ఇవ్వగలిగిన పనులు చాలా ఉన్నాయి. కింది సానో పానో ఆధార స్వరంగా, అంటే పాట కింద ఆగకుండా మోగే స్వరంగా, పట్టి ఉంచడం, పల్లవిలో రెండు మూడు స్వరాల చిన్న ముక్కను పదేపదే పాడటం, వీలైన చోట పాటను ఒక స్థాయి కింద పాడటం, ఇవన్నీ వాడు చేయగలడు. ఈ పనులు బృందానికి నిజంగా అవసరం కూడా. కింద గట్టి ఆధారం ఉంటేనే పైవాళ్లు శ్రుతి తప్పరు.

నెలకోసారి గొంతులు పరీక్షించండి. ఒక్కొక్కరినీ నిలబెట్టి పాడించొద్దు. ముగ్గురు ముగ్గురిగా పిలిచి, తేలికైన ఒక స్వరం నుంచి మెట్టు మెట్టుగా కిందికీ పైకీ తీసుకెళ్లి ఎక్కడ ఆగుతున్నారో రాసుకోండి. పోయిన నెల పైవరుసలో పాడినవాడు ఈ నెల కిందికి రావచ్చు.

క్లాసు మొదటి ఐదు నిమిషాలు

నిలబెట్టండి. పాదాల మధ్య కొంచెం ఎడం, మోకాళ్లు బిగించకుండా, భుజాలు వదులుగా. ఒకసారి భుజాలు చెవుల దాకా ఎత్తి వదిలేయమంటే చాలు, బిగువు పోతుంది.

తర్వాత ఊపిరి. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టించి, నాలుగు అంకెల్లో గాలి తీసుకుని, ఎనిమిది అంకెల పాటు "స్‌స్‌స్" అంటూ సమంగా వదలమనండి. భుజాలు లేస్తే గాలి పైపైనే ఆగుతోందని అర్థం. వారం వారం ఎనిమిదిని పన్నెండుకు, పదహారుకు పెంచండి. పోటీ పెడితే మాత్రం ఊపిరి బిగబట్టి ఎర్రబడతారు, పోటీ వద్దు.

చివరగా గొంతు. పెదాలు కలిపి "బుర్ర్" అనిపిస్తూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జారమనండి. నోరు మూసి "మ్" అంటూ ఐదు స్వరాలు పై నుంచి కిందికి దిగమనండి. పై నుంచి దిగడం పిల్లలకు తేలిక, ఎక్కేటప్పుడే గొంతు బిగుసుకుంటుంది. జలుబు చేసినవాళ్లు, గొంతు బొంగురుపోయినవాళ్లు ఆరోజు పాడకుండా తాళం వేయాలి.

లయ: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

పిల్లలకు ముందు రెండు విషయాలు వేరుచేసి చూపాలి. ఆగకుండా ఒకే వేగంతో సాగే దెబ్బ ఒకటి. దాని మీద పదాలు నడిచే తీరు మరొకటి. "చప్పట్లు కొట్టండి" అంటే సగంమంది దెబ్బకు కొడతారు, సగంమంది ప్రతి అక్షరానికీ కొడతారు. గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. అందుకే దెబ్బకు పాదాలు, పదాలకు చేతులు అని పని పంచండి. నిమిషానికి 80 దెబ్బల వేగం పెట్టి ఉన్నచోటే నడిపించండి. ఫోనులో మెట్రోనోమ్ (ఒకే వేగంతో టిక్ టిక్ మనే) యాప్ పెట్టుకోవచ్చు. కానీ రెండు నిమిషాల తర్వాత దాన్ని ఆపేసి, వేగం నిలిచిందో లేదో మళ్లీ పెట్టి చూడండి. మెట్రోనోమ్‌ను ఎప్పుడూ మోగిస్తూ ఉంటే పిల్లలు దాని మీదే ఆధారపడతారు.

పాదాలు కుదిరాక నోటికి జతులు (లయను పలికే అక్షరాలు) ఇవ్వండి. మూడుకు తకిట, నాలుగుకు తకధిమి, ఐదుకు తకతకిట. ఒక్కోదాని మొదటి అక్షరం మీద మాత్రమే చప్పట్లు. తర్వాత అదే జతిని పాదాల వేగం మార్చకుండా రెట్టింపు వేగంలో చెప్పించండి. ఇక్కడ పాదాలు పరుగెత్తడం మొదలవుతుంది. ఆపి మళ్లీ మొదలుపెట్టండి, కోప్పడాల్సిన పని లేదు.

తెలుగు పిల్లలకు నేర్పే టీచరు చేతిలో ఒక మంచి పనిముట్టు ఉంది: గురులఘువులు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. తెలుగు పీరియడులో ఛందస్సు అంటే భయపడే పిల్లలకు సంగీతం క్లాసులో అది ఆటలా అనిపిస్తుంది. "పలక" అంటే మూడు లఘువులు, మూడు మాత్రలు, సరిగ్గా తకిట. "వెన్నెల" అంటే ద్విత్వం ముందున్న "వె" గురువు, తర్వాత రెండు లఘువులు, మొత్తం నాలుగు, తకధిమి. "కాగితం" అంటే గురువు, లఘువు, గురువు, ఐదు మాత్రలు, తకతకిట. లఘువుకు ఒక చప్పట, గురువుకు ఒక చప్పట కొట్టి రెండో మాత్రలో చేతులు విడదీయడం. ఇలా నాలుగైదు పదాలు చేశాక వాళ్ల పేర్లు తెమ్మనండి. ఎవరి పేరు ఎన్ని మాత్రలో లెక్కపెట్టుకోవడం మొదలయ్యాక మీరు బతిమాలాల్సిన పని ఉండదు.

ఇప్పుడు క్లాసును రెండు జట్లు చేయండి. ఒక జట్టు "పలక" నాలుగుసార్లు, రెండో జట్టు "వెన్నెల" మూడుసార్లు, ఒకే వేగంతో ఒకేసారి మొదలుపెట్టాలి. రెండూ 12 మాత్రలే కాబట్టి మళ్లీ ఒకేచోట కలుస్తాయి. మొదట్లో ఒక జట్టు రెండో జట్టు వైపు జారిపోతుంది. చెవులు మూసుకుని నెగ్గుకురావాలని చూస్తారు, అది ఒప్పుకోవద్దు. పక్క జట్టును వింటూనే తమ పదం నిలుపుకోవాలి. రెండు గొంతుల పాటకు అసలు శిక్షణ ఇదే, అదీ ఒక్క స్వరం కూడా పాడకముందే.

నిశ్శబ్దాన్ని కూడా నేర్పాలి. పిల్లలు విరామం దగ్గర ఆగలేక తర్వాతి మాటలోకి దూకుతారు. విరామానికి ఒక సైగ పెట్టండి. ఆది తాళంలో చెయ్యి తిప్పి వేస్తాం కదా, అలా చప్పుడు లేకుండా అరచేయి తిప్పడం చాలు. శబ్దం లేనిచోట కూడా చెయ్యి కదులుతుంటే వేగం జారదు.

పాట నేర్పడం

ముందు సాహిత్యాన్ని లయలో మాటల్లా పలికించండి. తర్వాత మాటలు లేకుండా "లూ" మీద వరస మాత్రం. ఆ తర్వాత రెండూ కలపండి. మూడు పనులూ ఒకేసారి ఇస్తే మాటలు గుర్తుపెట్టుకునే టెన్షన్‌లో పిల్లలు స్వరం వినరు.

పంక్తి మీరు పాడాలి, వాళ్లు తిరిగి పాడాలి. వాళ్లు పాడేటప్పుడు మీరు నోరు మూసుకోవాలి. ఇది చాలామంది టీచర్లకు చేతకాని పని! మీరు కూడా కలిసి పాడితే పిల్లలు మీ గొంతు వెనక దాక్కుంటారు, మీకేమో ఎవరు ఎక్కడ తప్పారో వినపడదు. మగ టీచరు తన సహజమైన స్థాయిలో పాడితే కొందరు పిల్లలు దాన్ని అందుకోవాలని గొంతు కిందికి నొక్కుతారు. అప్పుడు బాగా పాడే ఒక అమ్మాయి చేత ముందు పాడించండి, లేదా కీబోర్డు మీద పిల్లల స్థాయిలో వరస వాయించండి.

మొదటి పంక్తి నుంచే మొదలుపెట్టాలని ఏమీ లేదు. కష్టమైన పంక్తిని ముందు నేర్పితే, పిల్లలు అలసిపోయాక కూడా అది నిలుస్తుంది. చరణాలన్నీ మొదటిరోజే చెప్పేయాలన్న తొందర పడకండి.

శ్రుతి అందని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లలో ఎక్కువమందికి లోపం చెవిలో ఉండదు. తమ గొంతును ఎలా పైకి జరపాలో తెలియదంతే. వాళ్లను మీ స్వరానికి రమ్మనే ముందు మీరే వాళ్ల స్వరానికి వెళ్లండి. వాడు ఏ స్వరం పట్టాడో అదే మీరూ పాడండి. రెండు గొంతులు కలిసినప్పుడు ఎలా ఉంటుందో వాడికి బహుశా మొదటిసారి తెలుస్తుంది. అక్కడి నుంచి "ఊ" అంటూ ఇద్దరూ కలిసి మెల్లగా పైకి జారండి. వరుసలో వాడి వెనక గట్టిగా శ్రుతిలో పాడేవాళ్లను నిలబెట్టండి. పక్కన ఉన్న గొంతు కంటే వెనక నుంచి వచ్చే గొంతు బాగా సాయం చేస్తుంది.

ఇరవై గొంతులు ఒకటిగా

అందరూ సరైన స్వరంలోనే ఉన్నా పాట కలవకపోతే అచ్చుల సంగతి చూడండి. ఒకరు "ఆ"ను నోరు అడ్డంగా సాగదీసి, మరొకరు నిలువుగా తెరిచి పాడితే శ్రుతి తప్పినట్టే వినిపిస్తుంది. అందరి చేతా ఒకే స్వరం మీద ఆ, ఏ, ఈ, ఓ, ఊ పాడించి, దవడ కిందికి వదలమనండి. సాగదీయాల్సింది అచ్చునే. "మ్మ", "న్న", "ల్ల" దగ్గర హల్లును పట్టుకుని వేలాడితే పాట ముద్దవుతుంది.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. పాడటానికి ఇది హాయే కానీ, బృందానికి ఒక చిక్కు తెస్తుంది. చివర పెదాలో నాలుకో మూసే హల్లు లేదు కాబట్టి ఎవరికి తోచినచోట వాళ్లు ఆపేస్తారు, పంక్తి చివర తోకలు మిగులుతాయి. అందుకని "ఆపండి" అని ఊరుకోకుండా, "మూడో దెబ్బ మీద ఊపిరి తీసుకోండి" అని చెప్పండి. ఊపిరి తీసుకోగానే స్వరం దానంతట అదే ఆగుతుంది, అదీ అందరికీ ఒక్కసారే.

పొడవు పంక్తుల్లో మాత్రం దీనికి తిరగేసి చేయాలి. పక్కపక్కనున్న ఇద్దరూ ఒకేచోట ఊపిరి తీసుకోకూడదు. ఒకరు మాట మధ్యలో చిన్నగా ఆగి, గాలి తీసుకుని, చప్పుడు లేకుండా మళ్లీ కలవాలి. వినేవాళ్లకు పాట తెగినట్టే తెలియదు.

రెండు గొంతులు

అందరూ ఒకే వరస శుభ్రంగా పాడగలిగాకే ఇక్కడికి రండి. మొదటి మెట్టు ఆధార స్వరం. ఒక జట్టు సా పట్టి ఉంచితే రెండో జట్టు దాని మీద పాట పాడుతుంది. రెండో మెట్టు, ఒక జట్టు చిన్న ముక్కను తిప్పి తిప్పి పాడుతుంటే మిగతావాళ్లు పాట అందుకోవడం.

మూడో మెట్టు ఒకరి వెనక ఒకరు అందుకునే పాట. దీనికి కొత్త పాట వెతకక్కర్లేదు. మోహన రాగం ఆరోహణ, అవరోహణ చాలు: స రి గ ప ధ స, స ధ ప గ రి స. ఒక్కో స్వరానికి ఒక్కో దెబ్బ, మొత్తం 12 దెబ్బలు, నాలుగు తకిటలు. మొదటి జట్టు గ దగ్గరకు చేరగానే రెండో జట్టు స మొదలుపెట్టాలి. మొదటి జట్టు ముగించేదాకా ఎక్కడా పక్కపక్క స్వరాలు ఒరుసుకోవు. గ కింద స, ప కింద రి, ధ కింద గ, ఇలా ప్రతిచోటా వినసొంపైన జంటే పడుతుంది. పై సా దగ్గర మలుపు తిరిగేటప్పుడు కూడా ధ, స కలుస్తాయి. మొదటి జట్టు చివరి స పాడి ఆగిపోవాలి, మిగిలిన రి, స రెండో జట్టు ఒంటరిగా ముగిస్తుంది.

ఇదే ఆటను సంపూర్ణ రాగంతో, సంగీతంలో తొలి పాఠమైన సరళీ వరుసలా ఏడు స్వరాలతో ఆడితే, పై సా దగ్గర మలుపులో ఒక జట్టు స, మరో జట్టు ని ఒకేసారి పడి గీరుకుంటాయి. పెద్ద తప్పేమీ కాదు, తర్వాత ఎప్పుడైనా ఆ గీరుడు ఎలా ఉంటుందో వినిపించవచ్చు కూడా. కానీ మొదటిసారి అలా వినిపిస్తే తామే తప్పు పాడామనుకుని పిల్లలు ఆగిపోతారు. మోహనతో మొదలుపెట్టమన్నది అందుకే. పై సా అందని పిల్లలు ఆ సమయంలో కింది సా పట్టి ఉంచుతారు.

జట్లను వారం వారం మార్చండి. ఎప్పుడూ వెనక అందుకునే జట్టు వెనకబడే అలవాటు చేసుకుంటుంది.

ఎక్కువగా వచ్చే రెండు జబ్బులు

పాట మెల్లగా శ్రుతి దిగిపోవడం మొదటిది. మొదట్లో ఆధార స్వరం ఇచ్చి, పాట అయ్యాక మళ్లీ వినిపించి ఎంత దిగారో పిల్లలకే చూపండి. అలసట, ఊపిరి చాలకపోవడం, ఒకే స్వరం పదేపదే రావడం, కిందికి దిగేటప్పుడు మెట్టు మరీ పెద్దదిగా వేయడం, ఇవీ మామూలు కారణాలు. వేగం కొంచెం పెంచి చూడండి. అయినా దిగుతుంటే పాటను అర శ్రుతి పైకి జరపండి. కొత్త శ్రుతిలో పిల్లలు చెవి పెట్టి వింటారు, చాలాసార్లు అక్కడే నిలబడతారు.

వేగం పెరిగిపోవడం రెండోది. పాట గట్టిగా అయ్యేచోట పిల్లలు పరుగెత్తుతారు. నిలిపి పాడాల్సిన స్వరాన్ని పూర్తి మాత్రలు నిలపరు. దీనికి నాకు తెలిసిన మంచి మందు ఒక ఆట. పాడుతుండగా మీరు పిడికిలి మూస్తే అందరూ గొంతు ఆపి మనసులోనే పాట కొనసాగించాలి, పిడికిలి తెరవగానే పాట ఎక్కడికి చేరి ఉంటుందో అక్కడ గొంతు కలపాలి. మొదట ఒక్క మాట వరకే మూయండి, తర్వాత ఒక పంక్తి, తర్వాత రెండు. అందరూ ఒకే అక్షరం మీద, అదే శ్రుతిలో దిగితే మీ బృందం వినడం నేర్చిందన్నమాట. పిల్లలు ఈ ఆటను మళ్లీ మళ్లీ అడుగుతారు.

పీరియడు, వేదిక

40 నిమిషాల పీరియడులో ఐదు నిమిషాలు ఒళ్లు, ఊపిరి, గొంతు. పది నిమిషాలు లయ. పదిహేను నిమిషాలు కొత్త పంక్తులు, మిగిలింది ముందే వచ్చిన పాట. ముగింపు ఎప్పుడూ బాగా వచ్చిన పాటతోనే.

వేదిక ఎక్కే ముందు రెండు మూడు క్లాసుల్లో పాటను ఫోనులో రికార్డు చేసి పిల్లలకే వినిపించండి. ఏం బాగోలేదో మీరు చెప్పకండి, వాళ్లను చెప్పనివ్వండి. మీకంటే కఠినంగా చెబుతారు. అర్ధచంద్రాకారంలో నిలబెట్టండి, ఒకరి గొంతు ఒకరికి వినపడుతుంది. మొదలుపెట్టేటప్పుడు వేగం తెలిసేలా రెండు దెబ్బలు చెయ్యి ఊపి, పిల్లలతో పాటు మీరూ కనపడేలా ఊపిరి తీసుకోండి. మధ్యలో పాట చెదిరితే మైకు దగ్గరకు వెళ్లి మీరు పాడి కాపాడాలని చూడకండి. ఆధార స్వరం పట్టిన జట్టుకు సైగ చేసి దాన్ని కొంచెం గట్టిగా పాడించండి, పల్లవి అందుకునే చోటు చేత్తో చూపండి. ఎవరు ఎక్కడున్నా పల్లవి దగ్గర కలవాలని ముందే చెప్పి, క్లాసులో కావాలనే పాట చెడగొట్టి ఇది కూడా రెండుసార్లు సాధన చేయించి ఉంచండి.